ప్రకృతి చికిత్సాలయానికి బయలుదేరే ముందు

(మాఘ పౌర్ణమి నాడు సామూహిక సత్యనారాయణ వ్రతం ముగిశాక మన ఆలయ భోజనశాలలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రసాదం చేతిలో పెట్టి ప్రసంగం వినమనడం అన్యాయమే. అందుకని తింటూనే వినండి, మేమేమీ అనుకోం.

మేమిద్దరం ఆదివారాలు పార్కింగ్ దగ్గరా, ఆలయం వెబ్‌సైట్ పనుల్లోనూ మీకు కనిపిస్తూనే ఉంటాం. ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. వైద్యులం కాము. ఈ హాల్లో నిజమైన డాక్టర్లు ఏడెనిమిది మంది కూర్చున్నారు. మేం ఎక్కడైనా తప్పు చెబితే అక్కడికక్కడే ఆపండి. మరి మేం ఎందుకు మాట్లాడుతున్నాం అంటే, ఈ వేసవి సెలవుల్లో ఇండియా వెళ్తున్న నాలుగైదు కుటుంబాల వాళ్ళు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. "మీ నాన్నగారు ప్రకృతి చికిత్సకి వెళ్ళారట కదా, మేమూ అమ్మావాళ్ళని తీసుకెళ్దామనుకుంటున్నాం. ఏం సర్దుకోవాలి?"

ఏం సర్దుకోవాలో చెబుతాం. కానీ పెట్టెలో సర్దుకునేవి చివర్లో చెబుతాం. ముందు చెప్పవలసింది వేరే ఉంది. అది మేం తప్పు చేసి నేర్చుకున్నది.

మూడేళ్ళ క్రితం ఏం జరిగిందంటే

నాన్నగారు రాజమండ్రిలో ఉంటారు. మాలో ఒకరికి నాన్నగారు, ఇంకొకరికి మామగారు. ఇక్కడ ఇద్దరి తరఫునా నాన్నగారనే అంటాం. ఆయనకి పదిహేనేళ్ళుగా షుగర్, దానితోపాటు బీపీ. మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, బరువు పెరిగి, నిద్ర పట్టక అవస్థ పడుతుంటే, పధ్నాలుగు రోజులు ప్రకృతి చికిత్సాలయంలో ఉంటే బాగుంటుందని మేమే పట్టుబట్టాం. ఇక్కణ్ణించే ఆన్‌లైన్‌లో గది బుక్ చేశాం, డబ్బు కట్టాం. వాళ్ళు ఒక ఫారం పంపారు. అందులో "ప్రస్తుతం వాడుతున్న మందులు" అని ఒక గడి ఉంది. ఆఫీసులో ఒక మీటింగ్‌కీ ఇంకో మీటింగ్‌కీ మధ్య ఆ ఫారం నింపుతూ, ఆ గడిలో "షుగర్, బీపీ, మందులతో అదుపులో ఉన్నాయి" అని రాసి పంపించేశాం.

మందు పేరు రాయలేదు. మోతాదు రాయలేదు. నాన్నగారిని అడగనైనా లేదు.

అక్కడికి వెళ్ళాక ఆయనేం చేశారో తెలుసా? మందులు వాడుతున్నానని చెబితే చికిత్స చెయ్యరేమోనని ఒక అనుమానం. అలాగని మానేస్తే మేం కోప్పడతామని ఇంకో భయం. అందుకని మాత్రలు చొక్కా జేబులో పెట్టుకుని, ఎవరూ చూడకుండా మామూలుగానే వేసుకున్నారు. అక్కడ రెండో రోజు నుంచి రసాహారం, అంటే పళ్ళరసాలూ కొబ్బరినీళ్ళూ మాత్రమే. ఆయన వేసుకుంటున్న మాత్రలో గ్లిమెపిరైడ్ ఉంది. మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలించే మందు అది. మూడో రోజు తెల్లవారుజామున ఆయనకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. పక్క గదిలో ఉన్న ఒక పెద్దావిడ చూసి కేక వేశారు. డ్యూటీ డాక్టరు వచ్చి షుగర్ చూస్తే 52. వెంటనే గ్లూకోజు ఇచ్చారు. అరగంటలో తేరుకున్నారు.

ఆ డాక్టరమ్మగారు మాకు ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నారు. "మీరు మందు పేరు రాసి ఉంటే మొదటి రోజే ఆయనకి వేరే ఆహారం పెట్టేవాళ్ళం, మీ డాక్టరుతో మాట్లాడి మోతాదు సంగతి చూసేవాళ్ళం." ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది. ఆ పెద్దావిడకి ఆ వేళ మెలకువ రాకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

మేం ఉద్యోగంలో చిన్న మార్పు ఒకటి విడుదల చెయ్యాలన్నా ఇరవై అంశాల జాబితా చూసుకుంటాం. నాన్నగారి ఒంటికి సంబంధించిన ఫారం మాత్రం రెండు నిమిషాల్లో నింపాం. ఈ రోజు మా ప్రసంగమంతా ఆ రెండు నిమిషాల గురించే.

సిద్ధపడటం కూడా చికిత్సే

ఇందులో కొత్తేమీ లేదు. ఆయుర్వేదంలో పంచకర్మ అంటే మనందరికీ వమనం, విరేచనం, వస్తి, నస్యం లాంటివి గుర్తొస్తాయి. వాటిని ప్రధానకర్మలంటారు. వాటికి ముందు పూర్వకర్మ ఉంది, తరువాత పశ్చాత్కర్మ ఉంది. పూర్వకర్మలో మూడు నుంచి ఏడు రోజుల దాకా కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ నెయ్యి తాగిస్తారు, నూనెతో మర్దన చేస్తారు, ఆవిరి పట్టి చెమట పోయిస్తారు. పశ్చాత్కర్మలో పల్చటి జావతో మొదలుపెట్టి, చిక్కటి జావ, పప్పుకట్టు, అలా మెట్టుమెట్టుగా మామూలు భోజనానికి తీసుకొస్తారు. అంటే శాస్త్రమే మూడు భాగాల్లో రెండు భాగాలు ముందు వెనకల జాగ్రత్తలకి ఇచ్చింది. మనం మధ్య భాగానికి డబ్బు కట్టి, మొదటి భాగం విమానంలో నిద్రపోయి, చివరి భాగం బంధువుల ఇంట్లో పులిహోరతో పూర్తి చేస్తున్నాం.

ప్రకృతి చికిత్సకి మన తెలుగుతో పాత బంధమే ఉంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉన్న లూయీ కూనే రాసిన పుస్తకం 1894లో తెలుగులోకి వచ్చింది. మన దేశంలో ఈ ఉద్యమానికి అదే తొలి అడుగని చెబుతారు. తొట్టి స్నానం అని మన పెద్దవాళ్ళు అనే కటిస్నానం కూనే ప్రచారం చేసిందే. తరువాత 1946లో గాంధీగారు పూణే దగ్గర ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్సాశ్రమం మొదలుపెట్టారు. అందువల్ల మన తాతల నాటి నుంచీ మట్టిపట్టీ, ఉపవాసం, ఎనిమా మనకి పరిచయమే. కానీ తాతలు రోజుకి ఆరు మాత్రలు వేసుకుంటూ ఉపవాసం చెయ్యలేదు. మన అమ్మానాన్నలు చేస్తున్నారు. తేడా అక్కడుంది.

ముందు మూడు ప్రశ్నలు

గది బుక్ చేసే ముందే ఇంట్లో అందరూ కూర్చుని ఒక విషయం తేల్చుకోండి. ఎందుకు వెళ్తున్నాం? విశ్రాంతికా, బరువు తగ్గడానికా, మోకాళ్ళ నొప్పికా? "అన్నిటికీ" అనేది జవాబు కాదు. షుగర్ పూర్తిగా పోతుంది, గుండె మందులు మానేయొచ్చు అని ఎవరైనా ముందే హామీ ఇస్తే ఆ చోటికి వెళ్ళకండి. పరీక్ష చెయ్యకుండా మాట ఇచ్చేవాళ్ళని నమ్మకూడదు.

రెండోది, చూసేది ఎవరు? ఆయుర్వేదమైతే బీఏఎంఎస్, ప్రకృతి చికిత్స అయితే బీఎన్‌వైఎస్ చదివిన డాక్టరు ఉండాలి. రెండూ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ చదువులు. ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉందా అని అడగండి. ఇక్కడ అమెరికాలో ఆయుర్వేద వైద్యులకి ఏ రాష్ట్రమూ లైసెన్సు ఇవ్వదు. కాబట్టి ఇక్కడి సెంటర్లకి వెళ్ళేవాళ్ళు బోర్డు మీద పేరుకన్నా, లోపల ఉన్నవాళ్ళు ఎక్కడ చదివారు, ఎన్నాళ్ళు చేశారు అన్నది అడగాలి.

మూడోది, రాత్రి రెండింటికి ఏదైనా అయితే ఏం చేస్తారు? రాత్రి పూట నర్సు ఉంటారా, గదిలో పిలిచే గంట ఉందా, అంబులెన్సు ఉందా, దగ్గర్లో ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఎంత దూరం? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. మంచి చోట ఈ ప్రశ్నకి చిరాకు పడరు, టకటకా జవాబు చెబుతారు.

ఆడవాళ్ళకి ఆడవాళ్ళే, మగవాళ్ళకి మగవాళ్ళే మర్దన చేస్తారా అన్నది కూడా ముందే అడగండి. మా అమ్మలాంటివాళ్ళు అక్కడికి వెళ్ళాక నోరు తెరిచి అడగలేరు. ఇబ్బంది పడుతూ ఊరుకుంటారు.

ఇక కాగితాల సంగతి. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళకి చికిత్స కోసం వేరే వీసా అక్కర్లేదు. కార్డు లేని అమెరికా పాస్‌పోర్టు వాళ్ళ కోసం భారత ప్రభుత్వం 2023లో ఆయుష్ వీసా అని ఒకటి ప్రవేశపెట్టింది. మెడికేర్ ఉన్న పెద్దవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, అది సాధారణంగా అమెరికా బయట చికిత్సకి డబ్బు ఇవ్వదు. ప్రయాణ బీమా తీసుకుంటే, పాత జబ్బుల వల్ల వచ్చే అత్యవసరానికి వర్తిస్తుందా లేదా చదివి తీసుకోండి.

ఒక కాగితం

ఇప్పుడు అసలు సంగతి. రెండోసారి నాన్నగారిని పంపే ముందు మేం చేసిన పని ఇదే. ప్రయాణానికి ఆరు వారాల ముందు వీడియో కాల్‌లో కూర్చుని, "నాన్నగారూ, మీ మందుల డబ్బా మొత్తం మంచం మీద పొయ్యండి" అన్నాం. పోశారు. మాకు ఐదు మాత్రలు తెలుసు. అక్కడ తొమ్మిది రకాలున్నాయి. పక్కింటాయన ఇచ్చిన మోకాళ్ళ నొప్పి గోలీలు, టీవీలో చూసి తెప్పించిన ఒక చూర్ణం, ఎప్పటిదో ఒక నిద్ర మాత్ర. ఇంకో చిత్రం, ఒకే బీపీ మందు రెండు వేరు వేరు కంపెనీల పేర్లతో ఉంది. ఒకటి రాజమండ్రి డాక్టరు రాసింది, ఇంకోటి హైదరాబాద్ డాక్టరు రాసింది. ఆయన రెండూ వేసుకుంటున్నారు! అప్పుడప్పుడూ లేవగానే కళ్ళు తిరుగుతున్నాయని ఎందుకంటున్నారో ఆ రోజు అర్థమైంది.

అందుకే జాబితాలో కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయాలి. ఇక్కడ టైలెనాల్ డబ్బా మీద ఎసిటమినోఫెన్ అని ఉంటుంది. అక్కడ దాన్నే పారాసిటమాల్ అంటారు. ఉబ్బసం పంపుని ఇక్కడ ఆల్బ్యుటెరాల్ అంటే అక్కడ సాల్‌బ్యుటమాల్. పేరు, మోతాదు, ఏ పూట, ఎందుకు, ఎవరు రాశారు. ఒక్కో మందుకి ఒక్కో వరస. కాగితం వెనక వైపు పాత ఆపరేషన్లు, పడని మందులు, ఇటీవలి రక్తపరీక్షలు, ఇంటి డాక్టరు ఫోన్ నంబరు.

ఆ కాగితం పట్టుకుని మామూలుగా చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళి, "ఇలా ఉపవాసం ఉంటుంది, ఆవిరి స్నానం ఉంటుంది, మర్దన ఉంటుంది, ఎనిమా ఉంటుంది. ఏది చెయ్యొచ్చు, ఏది కూడదు, ఏ మందు ఎంత మార్చాలి?" అని అడగాలి. డాక్టరు నవ్వుతారేమోనని మనవాళ్ళు చెప్పరు. ఒకరు నవ్వితే నవ్వుతారు. చెప్పకపోతే వచ్చే ప్రమాదం ముందు ఆ నవ్వు ఏపాటి?

మేం డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి కొన్ని చెబుతాం. ఇవి విని మీ అంతట మీరు మందులు మార్చుకోవద్దు. మీ డాక్టరుని ఏం అడగాలో తెలియడానికే చెబుతున్నాం.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు తిండి తగ్గిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. 70 కంటే తగ్గితే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు చెంచాల పంచదారో గ్లూకోజో తీసుకుని, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే తీసుకోవాలి. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త రకం మాత్రలతో ఇంకో చిక్కుంది. ఉపవాసం చేస్తే, మీటరులో షుగర్ పెద్దగా పెరగకపోయినా రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే "ఒంట్లో మలినాలు పోతున్నాయి" అనుకుని ఊరుకోకూడదు.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు వేడినీళ్ళ పాదస్నానం దగ్గర తప్పకుండా ఆ సంగతి చెప్పాలి. నీళ్ళు కాలుతున్నాయని వాళ్ళకి తెలియదు. బొబ్బలెక్కాక తెలుస్తుంది.

రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి గట్టి మర్దన పనికిరాదు. లోపల రక్తం కమిలిపోతుంది. అందులోనూ వార్ఫరిన్ వాడేవాళ్ళు ఉన్నట్టుండి ఆకుకూర రసాలు గ్లాసులకొద్దీ తాగితే, వాటిలోని విటమిన్ కె వల్ల మందు బలం తగ్గుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళూ పళ్ళరసాలూ ఎక్కువైతే పొటాషియం పెరిగి గుండెకే ముప్పు. బీపీ మందులు వేసుకుని ఆవిరి గదిలో కూర్చుంటే లేచేటప్పుడు కళ్ళు తిరిగి పడిపోవచ్చు. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు నెయ్యి తాగే చికిత్సకి ముందు చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు కరెంటుతో చేసే ఏ చికిత్సకైనా ముందు చెప్పాలి. గర్భిణులు అసలు బుక్ చేసే ముందే డాక్టరుని అడగాలి.

ఒంటిని సిద్ధం చెయ్యడం

ఇప్పుడు మనందరికీ బాగా కష్టమైన విషయం. కాఫీ.

చికిత్సాలయాల్లో కాఫీ, టీ ఉండవు. రోజుకి మూడు గ్లాసుల ఫిల్టర్ కాఫీ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే మర్నాటికల్లా తలనొప్పి, చిరాకు, నీరసం మొదలవుతాయి. ఇది వారం దాకా కూడా ఉండొచ్చు. మొదటి మూడు రోజులూ తలపట్టుకుని పడుకుని, "ఈ చికిత్స మాకు పడలేదు" అని తిరిగి వచ్చేసినవాళ్ళు ఉన్నారు. పడనిది చికిత్స కాదు, కాఫీ లేకపోవడం. అందుకే రెండు వారాల ముందు నుంచి రోజుకి మూడు గ్లాసులని రెండు, రెంటిని ఒకటి, ఒకటిని సగం, అలా తగ్గించుకుంటూ రండి. మా అమ్మ ఆ సగం గ్లాసుని గంటసేపు తాగేది.

భోజనం కూడా అంతే. ముందు వారం రాత్రి తిండి ఏడింటికల్లా ముగించండి. వేపుళ్ళు, పచ్చళ్ళు తగ్గించండి. అక్కడ తెల్లవారుజామునే లేపుతారు కాబట్టి నిద్ర వేళలు కూడా ముందే మార్చుకోండి. "రేపటి నుంచి ఉపవాసమేగా" అని ముందు రోజు విందు భోజనం చెయ్యడం మనవాళ్ళకి అలవాటు. అది వద్దు.

ఇక్కణ్ణించి వెళ్ళేవాళ్ళు విమానం దిగిన మర్నాడే చేరిపోకండి. ఇరవై గంటలు కూర్చుని వెళ్ళాక కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. విమానంలో గంటకోసారి లేచి నడవండి. దిగాక రెండు మూడు రోజులు ఇంటిపట్టున ఉండి నిద్ర సరిచేసుకోండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే మర్దన చేయించుకోకూడదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

పెట్టెలోకి

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకి వచ్చాం. నూనె మరకలు పడినా బాధ లేని పాత నూలు బట్టలు నాలుగైదు జతలు. కొత్త బట్టలు వద్దు, ఆ నూనె వదలదు. జారని చెప్పులు, ఎందుకంటే నూనె కాళ్ళతో తడి గచ్చు మీద జారితే తుంటి ఎముక విరుగుతుంది. రెండు పాత తువ్వాళ్ళు. షుగర్ మీటరు, సరిపడా స్ట్రిప్పులు, ఒక గ్లూకోజు పొట్లం. మందులన్నీ వాటి అసలు ప్యాకెట్లలోనే, చేతిసంచీలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. బంగారం ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఒక పుస్తకం, జపమాల, చిన్న నోటుబుక్కు. ఆ కాగితం మూడు ప్రతులు: ఒకటి డాక్టరుకి, ఒకటి పర్సులో, ఒకటి మీ పిల్లల ఫోన్‌లో.

అక్కడ ఉన్నప్పుడు

అక్కడికి వెళ్ళాక నోరు తెరవండి. ఇదే మన పెద్దవాళ్ళకి అన్నిటికన్నా కష్టం. నీళ్ళు వేడిగా ఉన్నాయని, మర్దన గట్టిగా ఉందని, నీరసంగా ఉందని చెప్పరు. "పాపం వాళ్ళు కష్టపడుతున్నారు, ఏమనుకుంటారో" అనుకుంటారు. రెండోసారి పంపేటప్పుడు నాన్నగారికి మేం ఒకటే చెప్పాం. "మీరు చెప్పకపోతే వాళ్ళకి తెలిసే దారి లేదు. చెప్పడం ఫిర్యాదు కాదు, వాళ్ళకి సాయం." రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఎలా ఉంది?" అని అడగలేదు. అలా అడిగితే "బాగానే ఉంది" అనే అంటారు. "ఇవాళ షుగర్ ఎంత? ఏం తిన్నారు? ఏ మాత్ర వేసుకున్నారు?" అని అడిగాం. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, నోటుబుక్కులో రాసుకోమన్నాం.

అక్కడ జలనేతి నేర్పిస్తే ఇంటికొచ్చి చేసుకోవాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. కుళాయి నీళ్ళు నేరుగా ముక్కులో పొయ్యకండి. 2011లో లూసియానాలో ఇద్దరు అలా చేసి, నీళ్ళలోని ఒక రకం అమీబా మెదడుకి చేరి చనిపోయారు. కనీసం ఒక నిమిషం మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు గానీ, డిస్టిల్డ్ నీళ్ళు గానీ వాడండి.

తిరిగొచ్చాక

పశ్చాత్కర్మ గురించి ముందే చెప్పాం. ఇంటికి రాగానే బంధువులు బిర్యానీతో ఎదురొస్తారు. వాళ్ళని నొప్పించకుండా "ఇంకో వారం పథ్యం" అనండి. పథ్యం అన్న మాటకి మన ఇళ్ళలో ఇంకా గౌరవం ఉంది, వాడుకోండి. తిరిగొచ్చిన వారంలోపు మళ్ళీ మామూలు డాక్టరుకి చూపించుకోండి. అక్కడ తగ్గించిన మందు తగ్గించినట్టే ఉంచాలా, మళ్ళీ పెంచాలా అన్నది ఆయన పరీక్షలు చూసి చెప్పాలి. అక్కడి తిండి వేరు, ఇంటి తిండి వేరు.

వచ్చేటప్పుడు చాలామంది సంచీ నిండా గుళికలూ భస్మాలూ తెస్తారు. 2004లో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి. 2008లో ఇంటర్నెట్‌లో కొన్న 193 మందులు పరీక్షించినప్పుడు కూడా దాదాపు ఐదింట ఒకటి అలాగే ఉంది. ఆయుర్వేదం చెడ్డదని దీనర్థం కాదు. ఏం మింగుతున్నామో తెలిసి మింగాలని అర్థం. లేబుల్ లేని పొట్లం, పేరు చెప్పని గుళిక తీసుకోకండి. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. అశ్వగంధ థైరాయిడ్ మందుతో కలిసి చిక్కు తేవచ్చు. వాటినీ ఆ కాగితంలో ఒక వరసగా రాయండి. మొక్క నుంచి వచ్చింది కదా అని జాబితాలోంచి తీసెయ్యకండి.

చివరిగా

నాన్నగారు రెండోసారి పది రోజులు ఉండి వచ్చారు. అద్భుతాలేమీ జరగలేదు. షుగర్ పోలేదు, మోకాళ్ళు కొత్తవి కాలేదు. నాలుగు కిలోలు తగ్గారు. నిద్ర పడుతోంది. ఒకే బీపీ మందు రెండుసార్లు వేసుకోవడం ఆగిపోయింది కాబట్టి కళ్ళు తిరగడం లేదు. ఆ చివరిది చికిత్సాలయానికి వెళ్ళక ముందే నయమైంది, మందుల డబ్బా మంచం మీద పోసిన రోజున.

ఫోన్‌లో ఆయన అన్న మాట ఒకటి చెప్పి ముగిస్తాం. "మొదటిసారి మీరు నాకు డబ్బు కట్టారు. రెండోసారి నాతో కూర్చున్నారు" అన్నారు. దూరాన ఉన్న పిల్లలం మనం డబ్బు తేలికగానే పంపుతాం. గంటసేపు కూర్చోవడమే కష్టం. ఆ గంట ఇచ్చి చూడండి.

ఆ కాగితం ఖాళీ నమూనా ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు ఇంగ్లీషులో అచ్చు వేయించి ప్రసాదం కౌంటరు పక్కన పెట్టాం. తలా రెండు తీసుకోండి: ఒకటి అమ్మావాళ్ళకి, ఇంకోటి మీకు. మనకీ నలభై దగ్గర పడుతోంది, మన డబ్బాలోనూ మాత్రలు మొదలయ్యాయి. వచ్చే నెల మొదటి ఆదివారం అర్చన తరువాత ఇదే హాల్లో కూర్చుంటాం. నింపడం రానివాళ్ళు మందుల డబ్బా తీసుకుని రండి, కలిసి నింపుదాం. మన డాక్టరు సభ్యులు ఇద్దరు వస్తామని మాట ఇచ్చారు.

పులిహోర ఇంకా ఉందట, పథ్యంలో లేనివాళ్ళు తీసుకోండి.